చీకటి గదిలో గురువు: ఛాయాచిత్ర శిక్షణ, ప్రభావం, కర్తృత్వం – ఒక విమర్శనాత్మక పరిశీలన

సారాంశం:

ఫిల్ము కడిగి ప్రింటు తీసే చీకటి గది ఛాయాచిత్రకళలో ఒక సాంకేతిక అవసరం మాత్రమే కాదు. అది గురుశిష్య సంబంధం నెలకొన్న చోటు కూడా. అక్కడ నేర్పిన గురువు ప్రభావం శిష్యుని చిత్రాల్లో ఏ రూపంలో నిలుస్తుంది? దానిని విమర్శకుడు ఎలా గుర్తించాలి? ఆ ప్రభావానికి పేరు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలను ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో చేసిన అర్థహరణ వర్గీకరణను ఉపకరణంగా తీసుకుని, సికిందరాబాదులోని రాజా దీన్‌దయాళ్ స్టూడియో, హోమాయ్ వ్యారావాలా, ఎస్. పాల్–రఘు రాయ్ ఉదాహరణలను ఇది చర్చిస్తుంది. లింగంపల్లి నుంచి హైటెక్ సిటీ వరకు విస్తరించిన నేటి డిజిటల్ పరిసరాల్లో ఆ ప్రభావం ఏమైందో కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఛాయాచిత్రకళ, చీకటి గది, గురుశిష్య సంబంధం, ప్రభావం, కర్తృత్వం, రాజశేఖరుడు, దీన్‌దయాళ్.

1. ఉపోద్ఘాతం:

లింగంపల్లి రైల్వే స్టేషను పరిసరాల్లో పాస్‌పోర్టు ఫొటో కావాలంటే కొన్ని నిమిషాలు చాలు. తెల్లటి తెర ముందు కూర్చోబెడతారు, కెమెరా మెరుస్తుంది, ప్రింటరు నుంచి ఎనిమిది ప్రతులు బయటికి వస్తాయి. మూడు దశాబ్దాల క్రితం ఇదే పనికి ఒక రాత్రి పట్టేది. 'రేపు సాయంత్రం రండి' అని స్టూడియో యజమాని చెప్పే మాట వెనక ఒక చీకటి గది, నీళ్ళతో నిండిన తొట్లు, తాడుకు క్లిప్పులతో వేలాడే తడి ఫిల్ములు, వాటి మధ్య పని నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు ఉండేవారు. గిరాకీకి వచ్చినవారు ఆ కుర్రవాణ్ణి చూసేవారు కాదు. అతనికి నేర్పుతున్నవారిని కూడా ఆ పాత్రలో చూసేవారు కాదు.

సాహిత్య విమర్శలో గురువు ప్రభావాన్ని గురించి మాట్లాడటానికి మనకు తగినంత పరిభాష ఉంది. ఒక కవిపై మరొక కవి ప్రభావాన్ని పదబంధాల్లో, ఛందస్సులో, వస్తువులో, దృక్పథంలో చూపగలం. ఛాయాచిత్రం దగ్గరికి వచ్చేసరికి మన సమీక్షలు తరచు వస్తువు దగ్గరే ఆగిపోతాయి. బతుకమ్మలు, పల్లె స్త్రీలు, పాత ఇళ్ళ తలుపులు అని చిత్రంలో ఉన్నవాటి జాబితా చెబుతాం. అవి ఏ నలుపులో, ఏ బూడిదరంగులో, ఎంత వెలుగులో నిలిచాయో, ఆ నిర్ణయం ఎక్కడ నేర్చుకున్నదో అడగం. ఆ నిర్ణయాలు జరిగిన చోటు చీకటి గది. ఛాయాచిత్రకారుని శిక్షణలో కంటికి కనబడని భాగం అక్కడే ఉంది. ఆ భాగాన్ని విమర్శ పరిధిలోకి తేవడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. 'కడగడం' – చీకటి గదిలో బోధన స్వరూపం:

తెలుగునాట స్టూడియోల వాడుకలో ఫిల్మును డెవలప్ చేయడాన్ని 'కడగడం' అన్నారు. 'ఫొటోలు కడిగించాలి' అన్న మాట ఇళ్ళలోనూ స్థిరపడింది. ఈ మాటలో ఒక నిజం ఉంది, ఒక లోపమూ ఉంది. నీళ్ళు, తొట్లు, తడి చేతులు ఆ పనిలో ప్రధానం కాబట్టి మాట సహజమే. కానీ కడిగితే ఉన్న మురికి పోతుంది. ఇక్కడ లేని బొమ్మ వస్తుంది. వెలుగు తగిలిన వెండి లవణాలు డెవలపరులో లోహపు వెండిగా, అంటే నలుపుగా మారతాయి. వెలుగు తగలని లవణాలను హైపో కరిగించి తొలగిస్తుంది. హైపోకు వెండి లవణాలను కరిగించే గుణం ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించాడు. ఇంతవరకు రసాయనశాస్త్రం. దీనిని పుస్తకం చూసి నేర్చుకోవచ్చు.

పుస్తకం చెప్పలేనిది తరువాత మొదలవుతుంది. పాంక్రోమాటిక్ ఫిల్ము అన్ని రంగుల వెలుగుకూ స్పందిస్తుంది కాబట్టి దానిని రీలుకు ఎక్కించేటప్పుడు ఎర్ర బల్బు కూడా పనికిరాదు. పూర్తి చీకటిలో వేళ్ళే కళ్ళు. ఫిల్ము గాడిలోకి సరిగ్గా వెళ్తున్నదా, ఎక్కడైనా మడత పడిందా అన్నది స్పర్శవల్లనే తెలుస్తుంది. గురువు ఆ చీకటిలో శిష్యుని చేతి మీద చెయ్యి వేసి చూపవలసిందే. ప్రింటు వేసేటప్పుడు ఎర్ర వెలుగు ఉంటుంది గాని, ఆ వెలుగు కంటిని మోసం చేస్తుంది. అందులో తగినంత నల్లగా కనబడిన ప్రింటు పగటి వెలుతురులో వెలవెలబోతుంది. కొత్తవాడు బొమ్మ కనబడగానే తొందరపడి కాగితాన్ని డెవలపరులోంచి తీసేస్తాడు. 'ఉండనీ' అని గురువు అనే ఒక్క మాట అక్కడ పాఠం. మరోవైపు, తడిలో మెరిసిన తెలుపు కాగితం ఆరాక కాస్త మందగిస్తుంది. కాబట్టి ఇప్పుడు కనబడుతున్నదాన్ని కాక, రేపు కనబడబోయేదాన్ని చూడటం నేర్చుకోవాలి.

ఫిల్ము కడగడానికి సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా తీసుకుంటారు. మన వేసవిలో కుళాయి నీరే దానిని దాటిపోతుంది. మంచుముక్కలతో తొట్టిని చల్లార్చాలా, కడిగే వ్యవధిని తగ్గించాలా అన్నది విదేశీ కరపత్రం చూసి కాక స్థానిక అనుభవంతో తేల్చుకోవలసిన విషయం. మైకేల్ పొలాన్యీ 1966లో వెలువరించిన 'ది టాసిట్ డైమెన్షన్' గ్రంథంలో, మనిషికి తెలిసినదంతా మాటల్లోకి రాదని, చెప్పలేని జ్ఞానం ఒకటి పనిలో దాగి ఉంటుందని ప్రతిపాదించాడు. చీకటి గది ఆ జ్ఞానానికి చక్కని నిదర్శనం. మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో కావ్యహేతువులను చెబుతూ శక్తి, నిపుణతలతో పాటు కావ్యజ్ఞుల శిక్షణలో చేసే అభ్యాసాన్ని కూడా చేర్చాడు. అభ్యాసం ఒంటరిగా చేసేది కాదని, తెలిసినవాని కనుసన్నల్లో చేసేదని ఆయన భావన. చీకటి గదిలో శిక్షణకు ఇంతకంటే దగ్గరి నిర్వచనం దొరకదు.

3. ప్రభావాన్ని గుర్తించే పద్ధతి – రాజశేఖరుని వర్గీకరణ:

గురువు ప్రభావం శిష్యుని చిత్రంలో ఉన్నదని చెప్పడానికి విమర్శకుడు సాధారణంగా పోలికలు వెదుకుతాడు. గురువు తీసిన మెట్ల బావినే శిష్యుడూ తీశాడు. గురువు కిటికీ వెలుగును వాడినట్టే శిష్యుడూ వాడాడు. ఈ పద్ధతి ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి మన అలంకారశాస్త్రంలోనే ఒక కొలమానం ఉంది.

ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' నాలుగవ ఉద్యోతంలో కవుల మధ్య సంవాదం మూడు విధాలని చెప్పాడు: అద్దంలో ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, పోలికలున్న మరొక దేహం వంటిది. మొదటి రెండింటినీ విడిచిపెట్టదగినవిగా, మూడవదానిని గ్రాహ్యంగా భావించాడు. రాజశేఖరుడు దీనిని విస్తరించి నాలుగు భేదాలు చేశాడు: ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం. వీటిలో మొదటి రెండింటినీ 'అన్యయోని' అన్నాడు, అంటే వాటి పుట్టుక మరొకచోట ఉన్నదని తెలిసిపోతుంది. చివరి రెండింటినీ 'నిహ్నుతయోని' అన్నాడు, అంటే వాటి పుట్టుక మరుగుపడి ఉంటుంది. నాలుగవ భేదానికి ఆయన చెప్పిన లక్షణం మన చర్చకు కీలకం: అక్కడ మూలం ఒకటే అయినా పరికరబంధం, అంటే పైన కట్టిన అల్లిక, ఎంతో దూరమై ఉంటుంది.

కవుల అర్థగ్రహణం కోసం చేసిన ఈ విభజనను ఛాయాచిత్రానికి అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రాజశేఖరుడు మాట్లాడినది రచనల మధ్య సంబంధం గురించి. మనం మాట్లాడుతున్నది శిక్షణ ఇచ్చిన వ్యక్తికి, శిక్షణ పొందినవారి రచనకు మధ్య సంబంధం గురించి. ఆ భేదాన్ని గుర్తుంచుకుంటూనే ఒక ప్రతిపాదన చేయవచ్చు. కెమెరా వైపు నుంచి వచ్చే ప్రభావం (వస్తువు, కోణం, చట్రం) ఎక్కువగా అన్యయోని. అది వెంటనే కనబడుతుంది, వెంటనే పాతబడుతుంది. చీకటి గది నుంచి వచ్చే ప్రభావం (నలుపు తెలుపుల మధ్య తూకం, ఎక్కడ ఆపాలన్న తీర్పు, ఏ ప్రింటును చించెయ్యాలన్న పట్టుదల) ఎక్కువగా నిహ్నుతయోని. శిష్యుడు గురువు తీసినవాటిని ఒక్కటి కూడా తీయకపోయినా అది ఉంటుంది. ఇది పరకాయప్రవేశం వంటిది. దేహం చూసి లోపలివారిని గుర్తుపట్టలేం.

ఆన్సెల్ ఆడమ్స్ ఉదాహరణతో ఈ భేదం స్పష్టమవుతుంది. యౌవనంలో పియానో సాధన చేసిన ఆయన, నెగటివ్‌ను సంగీత స్వరలిపితోను, ప్రింటును దాని ప్రదర్శనతోను పోల్చేవాడు. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం మీద చంద్రోదయాన్ని ఆయన ఒకే నెగటివ్‌లో పట్టుకున్నాడు. ఆ నెగటివ్ నుంచి తరువాతి దశాబ్దాలలో తీసిన ప్రింట్లు ఒకేలా లేవు. తొలినాటి ప్రింట్లలో ఆకాశం లేతగా, మబ్బుల జాడలతో ఉంటుంది. తరువాతి ప్రింట్లలో ఆకాశం గాఢమైన నలుపుగా మారింది. కెమెరా చూసినది ఒకటే; చీకటి గదిలో తీర్పు మారింది. కాబట్టి ఛాయాచిత్రకారుని శైలి అనేది షట్టరు నొక్కిన క్షణంలో ముగిసిపోదు. గురువు ప్రభావం శైలిలో ఉందంటే, ఆ ప్రభావం ఈ రెండవ దశలో కూడా ఉందని ఒప్పుకోక తప్పదు.

4. సికిందరాబాదు స్టూడియో – సంతకం ఎవరిది?:

మన ప్రాంతపు ఛాయాచిత్ర చరిత్రలో ఈ ప్రశ్న మొదట ఎదురయ్యేది రాజా దీన్‌దయాళ్ దగ్గర. మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో పుట్టిన ఆయన రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. 1870లలో ఛాయాచిత్రాలు తీయడం మొదలుపెట్టాడు. 1880లలో హైదరాబాదుకు వచ్చి, సికిందరాబాదులో స్టూడియో స్థాపించి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. నిజాం ఆయనకు రాజా బహాదుర్, ముసవ్విర్ జంగ్ బిరుదులిచ్చాడు. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో తెరిచాడు. 1905లో మరణించాడు.

ఆయన జీవితకథల్లో ప్రోత్సాహకుడిగా సెంట్రల్ ఇండియా ఏజెంటు సర్ హెన్రీ డేలీ పేరు, ఆ తరువాత లెపెల్ గ్రిఫిన్ పేరు ప్రముఖంగా వస్తాయి. వీరు పోషకులు. పోషకుడు అవకాశమిస్తాడు, గురువు చేతికి పని అలవాటు చేస్తాడు. చరిత్ర రచనలో పోషకుల పేర్లు నిలిచినంత సులభంగా గురువుల పేర్లు నిలవవు. ఎందుకంటే పోషకుడు ఉత్తరాలు రాస్తాడు, ఆజ్ఞలు జారీ చేస్తాడు. చీకటి గదిలో నేర్పినవాడు కాగితం మీద ఏమీ రాయడు.

ఆనాటి పని పద్ధతిని గమనిస్తే గురుశిష్యుల అవసరం మరింత స్పష్టమవుతుంది. ఆయన పని మొదలుపెట్టిన కాలంలో ప్రచారంలో ఉన్న తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు పూత పూసి, వెండి ద్రావణంలో ముంచి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, తడి ఆరకముందే కడగాలి. మన ఎండలో ఆ వ్యవధి ఇంకా తగ్గిపోతుంది. కోట ముందు నిలబడి ఫొటో తీయాలంటే చీకటి గుడారం వెంట ఉండాలి. లోపల పలక సిద్ధం చేసే మనిషి, బయట కెమెరా చూసే మనిషి ఒకరి మనసు ఒకరు ఎరిగి పనిచేయాలి. ప్రింటుకు ఎన్‌లార్జరు లేదు. నెగటివ్‌ను ఆల్బుమెన్ కాగితానికి ఆనించి, చట్రంలో బిగించి ఎండలో పెట్టేవారు. చట్రం వెనక భాగాన్ని సగం తెరిచి, బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూసేవారు. తరువాతి రసాయనాల్లో అది కొంత లేతబడుతుంది కాబట్టి, కావలసినదానికంటే కాస్త ముదురుగా ఉన్నప్పుడే తీయాలి. ఎంత ముదురు? దానికి కొలత లేదు, కన్నే ప్రమాణం. ఆ కన్ను ఒకరినుంచి ఒకరికి అందాలి.

దీన్‌దయాళ్ కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఈ స్టూడియోలోనే తయారయ్యారు. సంస్థ పేరు 'రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్'గా ప్రసిద్ధమైంది. 1892లో హైదరాబాదులో జనానా స్త్రీల కోసం తెరిచిన స్టూడియోను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ నిర్వహించింది. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించిన ఆ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857. వీటిలో ప్రతిదానినీ 'దీన్‌దయాళ్ తీసినది' అనడం ఎంతవరకు సబబు? దీపాలీ దేవన్, డెబొరా హటన్ 2013లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంలో స్టూడియోను ఒక సమష్టి కార్యస్థలంగా చూడవలసిన అవసరాన్ని ముందుకు తెచ్చింది.

ఇక్కడ తెలుగు సాహిత్య చరిత్ర నుంచి ఒక పోలిక ఉపకరిస్తుంది. నన్నయ విడిచిపోయిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన, తన కృతిని నన్నయ రచనలాగే రాజరాజనరేంద్రునికి అంకితంగా సాగించాడు. నన్నయ శైలితో మొదలై క్రమంగా తిక్కన శైలివైపు జరిగిన ఆ నిర్మాణాన్ని విమర్శకులు ఎంతో మెచ్చుకున్నారు. ఎర్రన తన పేరును వెనక్కి నెట్టుకున్నాడు గాని, అతని పేరు పోలేదు. ఆ వినయం అతని కీర్తిలో భాగమైంది. స్టూడియో పనివాని సంగతి వేరు. అతని పేరును అతను వెనక్కి నెట్టుకోలేదు. సంస్థ ముద్ర కింద అది ఎప్పుడూ పైకి రాలేదు. రెండింటినీ 'గురువులో లీనమైపోవడం' అనే ఒకే గౌరవవాచకంతో వర్ణిస్తే విమర్శ పొరపాటు చేసినట్టే. పేరును ఇవ్వడం, పేరును కోల్పోవడం వేరు వేరు సంగతులు. గురువు ప్రభావాన్ని కొనియాడే ప్రతి వ్యాసమూ ఈ భేదాన్ని ముందుగా తేల్చుకోవాలి.

5. ఇద్దరు శిష్యులు – హోమాయ్ వ్యారావాలా, రఘు రాయ్:

భారతదేశపు తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేరొందిన హోమాయ్ వ్యారావాలా (1913–2012) ఈ కళను మానెక్‌షా వ్యారావాలా దగ్గర నేర్చుకుంది. ఆయననే వివాహం చేసుకుంది. ఆమె తొలినాటి చిత్రాలు పత్రికలలో మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. ఒక స్త్రీ పేరుతో వచ్చే చిత్రాలను పత్రికారంగం ఇంకా ఊహించలేని కాలమది. ఇక్కడ గురువు నిజంగానే నేర్పాడు, నిజంగానే తోడు నిలిచాడు. అయినా పేరు మారింది. ప్రభావం, కర్తృత్వం ఒకదానితో ఒకటి ఎంతగా చిక్కుపడగలవో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. తరువాత ఢిల్లీలో ఆమె తీసిన స్వాతంత్ర్యోదయ కాలపు చిత్రాలు ఆమె పేరుతోనే చరిత్రలో నిలిచాయి. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. అప్పుడు వెనక్కి తిరిగి, మానెక్‌షా పేరుతో అచ్చయిన చిత్రాలలో ఆమె చేతిని వెదకవలసిన బాధ్యత పరిశోధకులది.

రఘు రాయ్ విషయంలో ప్రభావం మరొక విధంగా పనిచేసింది. 1942లో పుట్టి, సివిల్ ఇంజనీరింగు చదివిన ఆయన, అన్న ఎస్. పాల్ ద్వారా ఛాయాచిత్రకళలోకి వచ్చాడు. తొలినాళ్ళలో తీసిన ఒక గాడిద పిల్ల చిత్రాన్ని పాల్ లండన్‌లోని 'ది టైమ్స్' పత్రికకు పంపగా అది అచ్చయింది. 1966లో రాయ్ 'ది స్టేట్స్‌మన్'లో చేరాడు. 1977లో కార్టియె-బ్రెసాఁ ఆయనను మాగ్నమ్ సంస్థకు ప్రతిపాదించాడు. 1984లో భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద ఆయన చేసిన పని ప్రపంచమంతా చూసింది. ఎస్. పాల్ స్వయంగా ఎందరికో దారి చూపిన ఛాయాచిత్రకారుడు, 2017లో మరణించాడు. అన్నదమ్ముల చిత్రాలను పక్కపక్కన పెట్టి వస్తువులో పోలికలు వెదికితే దొరికేది తక్కువ. తమ్ముడు తీసిన మొదటి చిత్రాన్ని చూసి, 'ఇది బయటికి పంపదగినది' అని అన్న చేసిన తీర్పే ఇక్కడ మూలం. తరువాత ఏ ఫ్రేమును ఉంచాలో, ఏది వదలాలో తనకు తాను నిర్ణయించుకోవలసి వచ్చిన ప్రతిసారీ శిష్యుడు ఆ తీర్పరి స్థానంలో తానే కూర్చోవాలి. రాజశేఖరుని మాటల్లో ఇది మూలైక్యం. పరికరబంధం పూర్తిగా వేరు.

ఈ సందర్భంలోనే మరొక విషయం గమనించాలి. కార్టియె-బ్రెసాఁ వంటివాడు తన ప్రింట్లను తాను వేసుకోలేదు. పారిస్‌లో పియెర్ గాస్మన్ నడిపిన ప్రయోగశాలలో ఆ పని జరిగేది. అంటే చీకటి గది తెలియకుండా గొప్ప ఛాయాచిత్రకారుడు కావడం సాధ్యమే. ఈ వాస్తవం మన ప్రతిపాదనను బలహీనపరుస్తుందా? కొంతవరకు అవును. చీకటి గదిలో గురువు లేనిదే కళ లేదని అనడానికి వీల్లేదు. కానీ ఆ ప్రింట్ల తూకం ఎవరిదో అడగవలసిన అవసరాన్ని ఇది మరింత పెంచుతుంది.

6. తలుపు ఎవరికి తెరుచుకుంది?:

పై మూడు ఉదాహరణలను కలిపి చూస్తే ఒక సమానాంశం బయటపడుతుంది. దీన్‌దయాళ్ దగ్గర నేర్చుకున్నది కొడుకులు. మానెక్‌షా దగ్గర నేర్చుకున్నది భార్య. పాల్ దగ్గర నేర్చుకున్నది తమ్ముడు. మూడింటిలోనూ గురుశిష్య సంబంధం బంధుత్వంలో ఇమిడి ఉంది. దీనికి భౌతికమైన కారణమే ఉంది. చీకటి గది చిన్నది, లోపలి నుంచి గడియ వేసుకునేది. ఖరీదైన కాగితం, రసాయనాలు చేతికివ్వాలంటే నమ్మకం కావాలి. ఆ నమ్మకం ముందుగా ఇంటివారిమీద, తరువాత తెలిసినవారి పిల్లలమీద నిలుస్తుంది. పరాయివాడికి, ముఖ్యంగా పరాయి స్త్రీకి, ఆ తలుపు అంత తేలికగా తెరుచుకోదు. హోమాయ్ ప్రతిభ తిరుగులేనిదే. అయినా, అంతే ప్రతిభ ఉండి మానెక్‌షా వంటివాడు ఎదురుకాని యువతుల గురించి చరిత్రలో ఒక్క నెగటివ్ కూడా మిగలదు.

గురువు మహిమను స్మరించే వ్యాసాలు తరచు ఈ చోట మౌనం వహిస్తాయి. గురువు గొప్పవాడై ఉండవచ్చు. గురుత్వం అందే దారి మాత్రం సమానం కాదు. కళాశాలలో ఛాయాచిత్రకళను డిగ్రీగా బోధించడం ప్రారంభమైనప్పుడు, ఈ తలుపు మొదటిసారిగా ప్రవేశ పరీక్ష రాసినవారందరికీ తెరుచుకుంది. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. అక్కడి లలితకళల కళాశాలలో ఛాయాచిత్రకళ ఒక శాఖ. సంస్థలో గురువు ఇంటి మనిషి అంత దగ్గర కాకపోవచ్చు. కానీ బంధుత్వం లేని శిష్యుడు అక్కడే సాధ్యమవుతాడు. ప్రభావ చరిత్ర రాసేవారు ఈ మార్పును నష్టంగా కాక విస్తరణగా గుర్తించాలి.

7. ఐటీ కారిడార్‌లో వెలుతురు గది:

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత లింగంపల్లి, గచ్చిబౌలి, మాదాపూర్ పరిసరాలు సాఫ్ట్‌వేర్ వృత్తికి కేంద్రాలయ్యాయి. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైలు లింగంపల్లిని సికిందరాబాదుతో కలిపింది. దీన్‌దయాళ్ స్టూడియో ఉన్న ఊరికీ, చిత్రాలను లెక్కలుగా మార్చే యంత్రాలున్న ప్రాంతానికీ మధ్య దూరం ఇప్పుడు ఒక టికెట్టు. ఈ రెండింటి మధ్య సంబంధం తెగిపోయిందా?

సాఫ్ట్‌వేర్ పరిభాషను పరిశీలిస్తే తెగిపోలేదనిపిస్తుంది. 1990లో మొదటిసారి విడుదలైన ఫొటోషాప్‌లో ఒక భాగాన్ని లేతపరిచే పరికరానికి 'డాడ్జ్' అని, ముదురు చేసే పరికరానికి 'బర్న్' అని పేర్లు. మొదటిదాని గుర్తు పుల్లకు గుచ్చిన గుండ్రటి అట్టముక్క. రెండవదాని గుర్తు మడిచిన అరచెయ్యి. చీకటి గదిలో ఎన్‌లార్జరు వెలుగుకు అడ్డంగా తీగకు అంటించిన అట్టముక్కను ఆడించడం, అరచేతిని మడిచి ఆ సందులోంచి వెలుగును ఒకేచోట పడనివ్వడం గురువు దగ్గర నేర్చుకునే మొదటి మెళకువలు. పేరు తెలియని ఏ గురువుదో ఒక చెయ్యి ఈ రోజు కోట్లాది తెరల మీద బొమ్మగా మిగిలింది. దానిని నొక్కేవారిలో అది ఎవరి చెయ్యో ఎరిగినవారు తక్కువ. నిహ్నుతయోని అన్న రాజశేఖరుని మాటకు ఇంతకంటే అక్షరార్థమైన ఉదాహరణ ఊహించలేం. 2007లో వచ్చిన మరో సాఫ్ట్‌వేర్‌కు 'లైట్‌రూమ్' అని పేరు పెట్టారు. చీకటి గదిని కాదని వెలుతురు గది అన్నా, ఆ పేరుకు అర్థం వచ్చేది చీకటి గది వల్లనే.

అయితే ఒకటి మాత్రం నిజంగా మారింది. తెరమీద ప్రతి తప్పునూ వెనక్కి తిప్పుకోవచ్చు. చీకటి గదిలో తప్పు చేస్తే కాగితం పోతుంది, డబ్బు పోతుంది, రాత్రి పోతుంది. ఆ నష్టమే శిష్యుని చేతికి నిదానాన్ని, కంటికి ముందుచూపును ఇచ్చింది. కాబట్టి నేటి గురువు నేర్పవలసినది పరికరాల వాడుక కాదు, అది యంత్రమే నేర్పుతుంది. ఎప్పుడు ఆపాలో, ఏది పనికిరాదో చెప్పగలగడమే ఇప్పటికీ గురువు పని. ఈ మాట పరిశోధక విద్యార్థులకూ, పర్యవేక్షకులకూ వర్తిస్తుంది. సమాచారం ఎక్కడ దొరుకుతుందో ఇవాళ ఎవరూ చెప్పనక్కరలేదు. రాసిన అధ్యాయంలో ఏది ఇంకా తెల్లబారి ఉన్నదో, దేనిని మరికొంతసేపు ఉండనివ్వాలో చెప్పే మనిషి మాత్రం కావాలి.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

చీకటి గది గురువు ప్రభావం వస్తుసామ్యంలో కాక తీర్పులో నిలుస్తుంది. కాబట్టి అచ్చయిన చిత్రాలను మాత్రమే పోల్చి చూసే విమర్శకు అది చిక్కదు. కాంటాక్టు షీట్లు, తిరస్కరించిన ప్రింట్లు, ఒకే నెగటివ్ నుంచి వేరు వేరు కాలాల్లో వేసిన ప్రతులు విమర్శకు ఆధారాలు కావాలి. తాళపత్ర ప్రతులలో పాఠభేదాలను పరిశీలించే సంప్రదాయం తెలుగు పరిశోధనకు ఉంది. అదే శ్రద్ధను నెగటివ్‌ల విషయంలోనూ చూపవచ్చు.

రాజశేఖరుని వర్గీకరణ, ప్రత్యేకించి నిహ్నుతయోని భావన, దృశ్యకళల్లో ప్రభావ చర్చకు ఉపకరిస్తుంది. అయితే మూలం మరుగున ఉండటాన్ని కళాత్మక గుణంగా మెచ్చుకునేటప్పుడు, మరుగుపడినది ఒక మనిషి పేరు కూడా కావచ్చునని గుర్తుంచుకోవాలి.

గురుత్వం బంధుత్వం ద్వారా ప్రవహించిన చరిత్రను గురుస్తుతి కప్పిపుచ్చకూడదు. ఎవరు నేర్పారన్న ప్రశ్నతో పాటు, ఎవరికి నేర్పలేదన్న ప్రశ్న కూడా పరిశోధనలో భాగం కావాలి.

చివరగా ఒక సూచన. 1960లలో బి.హెచ్.ఇ.ఎల్. రాకతో పెరిగిన రామచంద్రాపురం, 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం స్థాపన తరువాత మారుతూ వచ్చిన లింగంపల్లి, చందానగర్ ప్రాంతాల వంటి చోట్ల ఫిల్ము కాలంలో స్టూడియోల్లో పనిచేసినవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వారు పెళ్ళిళ్ళకు, గుర్తింపు కార్డులకు, కర్మాగారపు రికార్డులకు ఫొటోలు కడిగినవారు. వారికి ఎవరు నేర్పారో, వారు ఎవరికి నేర్పారో అడిగి నమోదు చేసుకునే పని పెద్ద నిధులు అవసరమైనది కాదు. ఒక పరిశోధక విద్యార్థి, ఒక రికార్డరు, కొంత ఓపిక చాలు. వారి నెగటివ్‌లు పాత సామాను కింద అమ్ముడుపోకముందే, వారి జ్ఞాపకం వారితో పోకముందే ఆ పని మొదలుకావాలి. తొట్టిలో కాగితం మీద బొమ్మ తేలినా, హైపోలో నిలపకపోతే అది వెలుతురులో నల్లబడిపోతుంది. ఆ గదుల్లో నేర్చుకున్నవారందరికీ తెలిసిన ఈ సంగతి, వారి చరిత్రకు కూడా వర్తిస్తుంది.